పదకొండో సీటు

మూడో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి థర్మామీటరు నూట రెండు చూపించింది. దులిపి మళ్లీ పెట్టుకున్నాను. మళ్లీ నూట రెండే. మొహమాటానికైనా ఒక అర తగ్గించి చూపించవచ్చు కదా అని విసుక్కుని, ఫ్రిజ్ మీద అంటించిన కాగితం ముందుకెళ్లి నిలబడ్డాను.

ఆ కాగితం మా అమ్మ రాసింది. మామూలు ఇళ్లలో అమ్మలు "మందు వేసుకో, నీళ్లు తాగు" అని రాసి వెళ్తారు. మా అమ్మ ప్రశ్నలు రాసి వెళ్లింది. "ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉందా? అవును అయితే వెంటనే ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యి. కాదు అయితే కింది ప్రశ్నకి వెళ్లు." కింది ప్రశ్న, "ఎనిమిది గంటలుగా ఒంటికి వెళ్లలేదా?" ఆ కింద, "ఎక్కడున్నావో, ఇవాళ ఏ వారమో తెలియడం లేదా?" ఇలా తొమ్మిది. అన్నిటికీ కాదు, కాదు అనుకుంటూ దిగితే అట్టడుగున ఒకే వాక్యం ఉంటుంది. "గ్లాసు నీళ్లు తాగి పడుకో."

రెండు రోజుల్లో ఆ కాగితం మీద నుంచి ఇరవైసార్లైనా దిగి ఉంటాను. ప్రతిసారీ గ్లాసు నీళ్ల దగ్గరే తేలాను. "అమ్మకి ఫోన్ చెయ్యి" అనే దారి ఆ కాగితంలో ఎక్కడా లేదు.

మా అమ్మ అంబులెన్స్ ఫోన్ సెంటర్లో పనిచేస్తుంది. ఎవరికైనా గుండెపోటొచ్చినా, ఎవరైనా మెట్ల మీద నుంచి పడినా జనం నొక్కే నంబరు ఉంటుంది కదా, దానికి అవతల పలికే గొంతుల్లో ఒకటి ఆవిడది. ఒక పెద్ద గదిలో ఇరవై నాలుగు సీట్లు. అమ్మది పదకొండోది. అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలవరు, సీటు నంబరే పేరు. అందుకే మా ఇంట్లో కబుర్లన్నీ అంకెల్లో నడుస్తాయి. "ఏడుకీ పదిహేనుకీ వారం నుంచి మాటల్లేవు." "పన్నెండు మళ్లీ బిస్కెట్లు తెచ్చి కీబోర్డు కింద దాచుకున్నాడు." బయటివాళ్లెవరైనా వింటే తల్లీకూతుళ్లు ఎక్కాలు వల్లిస్తున్నారనుకుంటారు.

సొంత ఫోన్లు ఆ గదిలోకి తీసుకెళ్లకూడదు. లాకర్లో పెట్టి తాళం వెయ్యాలి. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా డ్యూటీ, మధ్యలో తిండికి అరగంట. ఆ అరగంటలో నాకు ఫోన్ చేస్తుంది. ఊళ్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మా అమ్మని క్షణంలో పట్టుకోవచ్చు, నేను తప్ప.

ఆవిడ ఈ పనిలో చేరి రెండేళ్లైంది. నాన్న వేరే ఇల్లు చూసుకున్న ఏడాదే చేరింది. అంతకుముందు నెలరోజుల శిక్షణ. చివర్లో పరీక్ష. ఇంట్లో సాధన చెయ్యడానికి రోగి కావాలి కాబట్టి నన్నే పెట్టుకుంది. నేను పక్క గదిలో మంచం మీద పడుకుని ఫోన్ చేసేదాన్ని. ఆ నెలలో నాకు ఆరుసార్లు గుండెపోటొచ్చింది, మూడుసార్లు కాలు విరిగింది, ఒకసారి కవలలు పుట్టారు. అమ్మ వంటింట్లో నుంచి మాట్లాడేది. "భయపడకండి. నేను లైన్లోనే ఉన్నాను. మీరు చెప్పండి, వింటున్నాను." అది మా అమ్మ గొంతేనా అనిపించేది. ఎవరూ ఎక్కడికీ పరిగెత్తనక్కర్లేదన్నట్టుండేది ఆ గొంతు. నేను కావాలని లేనిపోని నొప్పులు కల్పించి ఫోన్ సాగదీసేదాన్ని.

పరీక్ష పాసయింది. ఆ తర్వాత ఆ గొంతు మా ఇంట్లో మళ్లీ వినపడలేదు. అదంతా అక్కడే ఖర్చయిపోతుంది. ఇంటికొచ్చేసరికి మిగిలేది బొంగురు. ఉప్పు కావాలంటే వేలు చూపిస్తుంది, తలుపు వెయ్యమంటే గడ్డం ఊపుతుంది. నేనూ అలాగే అలవాటు పడ్డాను. రెండు మూగ ప్రాణాలు ఒకే బల్ల మీద తినడం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

నాకు జ్వరం మొదలైన రోజు అదృష్టం కొద్దీ ఆవిడ సెలవు రోజే. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఫ్లూ అన్నాడాయన. ఐదు రోజులు పడుకోవాలి, నీళ్లు బాగా తాగాలి, మాత్రకీ మాత్రకీ ఆరు గంటలు ఎడం ఉండాలి, అంతకుమించి చేసేదేం లేదని చేతులు దులుపుకున్నాడు. అమ్మ సెలవు అడిగింది. ఊరంతా ఇదే ఫ్లూ. సెంటర్లో సగం సీట్లు ఖాళీ, కాల్స్ మాత్రం రెండింతలు. సెలవు లేదన్నారు. ఆ రాత్రి కూర్చుని నాకు కాగితం రాసింది.

కింది వాటాలో కుట్టుమిషన్ పెట్టుకున్న పెద్దమ్మకి నన్ను అప్పగించింది కూడా. పెద్దమ్మ మంచిదే కానీ జబ్బంటే హడలు. ముక్కుకి రెండు చేతి రుమాళ్లు కట్టుకుని, బ్రెడ్డూ పాల ప్యాకెట్టూ మా గుమ్మం ముందు పెట్టి, ఏడు మెట్లు కిందికి దిగిపోయాక కేకేస్తుంది.

"ఉన్నావా?"

"ఉన్నాను, పెద్దమ్మా."

"సరే అయితే."

అంతే. మిషన్ చప్పుడు మళ్లీ మొదలవుతుంది. ఆ చప్పుడున్నంతసేపూ నాకు కాస్త ధైర్యంగా ఉండేది. భోజనానికి ఆపేసినప్పుడు ఇల్లంతా ఫ్రిజ్ మోత ఒక్కటే.

జ్వరం గురించి పుస్తకాల్లో చలి, నొప్పులు, దగ్గు అని రాస్తారు. ఎవరూ లేని ఇంట్లో జ్వరం వస్తే ఎంత పని ఉంటుందో రాయరు. నీళ్ల సీసా అయిపోతే నింపుకోవాలి, దానికి ఎనిమిది అడుగులు వెయ్యాలి, ముందు దుప్పటి తియ్యాలి, తీస్తే వణుకు. చెమటకి తడిసిన చొక్కా మార్చుకోవాలి. ఆ రోజు పొద్దున బొత్తాలు పెట్టుకుంటూ ఒకటి తప్పు కాజాలో పెట్టాను. అన్నీ విప్పి మళ్లీ పెట్టుకోవాలి కదా అని ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను, బొత్తాల కోసం. స్కూలు గ్రూపులో ఇద్దరు "త్వరగా తగ్గాలి" అని పెట్టారు, వెంటనే లెక్కల పరీక్షలో ఏమొస్తుందన్న దాని మీద పడ్డారు. తప్పు పట్టను. నేనైనా అంతే చేసేదాన్ని.

రెండో రోజు పన్నెండింటికి అమ్మ ఫోన్ చేసింది. తొమ్మిది ప్రశ్నలూ అడిగింది, నేను తొమ్మిది కాదులూ చెప్పాను. "మంచిది, పడుకో" అంది. నాలుగు నిమిషాలు. మూడో రోజు పన్నెండైంది, ఒంటిగంటైంది, రెండైంది. ఫోన్ రాలేదు. నేను పక్క మీద ఫోన్ని మొహానికెదురుగా పెట్టుకుని పడుకున్నాను. కాళ్లు పీక్కుపోతున్నాయి. నోరంతా చేదు. ఒక్కసారి, ఒక్క నిమిషం ఆవిడ గొంతు వింటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించింది. అది జ్వరానికి అనిపించిందో, నిజంగానే అనిపించిందో తెలియదు.

రెండున్నరకి లెక్క వేశాను. ఇరవై నాలుగు సీట్లలో సగం ఖాళీ. మిగిలింది పన్నెండు. ఆ పన్నెండు మందిలో ఒకరు అమ్మ. అంటే ఎమర్జెన్సీ నంబరు నొక్కితే పన్నెండింట ఒక వంతు అవకాశం. నూట రెండు జ్వరంలో అది చాలా మంచి అవకాశంలా కనిపించింది.

చెయ్యకూడదని నాకు తెలుసు. అందరికంటే నాకే బాగా తెలుసు. పనికిమాలిన కాల్స్ చేసేవాళ్లని అమ్మ తిట్టినట్టు ఇంకెవరినీ తిట్టదు. కుళాయి ఎప్పుడొస్తుందని అడిగేవాడు, పందెం కట్టి నొక్కే పిల్లలు. "ఆ ఒక్క నిమిషంలో అవతల ఎవడికో ఊపిరి ఆగిపోతుందే" అనేది. అవన్నీ గుర్తున్నాయి. గుర్తుండగానే నొక్కాను.

"అంబులెన్స్ సేవ. ఆపరేటర్ పన్నెండు. మీకేం అవసరమో చెప్పండి."

మగ గొంతు. పెట్టేశాను.

పెట్టేసి దుప్పట్లో దూరాక వెలిగింది, నేనెంత పిచ్చిమొహాన్నో. మాట్లాడకుండా తెగిపోయిన కాల్‌కి నిమిషంలోపు తిరిగి చెయ్యాలి. అవతలి మనిషికి నోట మాట రాని పరిస్థితేమో అని. ఎత్తకపోతే బండి పంపించాలి. ఈ నియమాన్ని పరీక్ష ముందు అమ్మ చేత అప్పజెప్పించుకున్నది నేనే. ఫోన్ మోగింది. ఎత్తకపోతే మా వీధిలోకి అంబులెన్స్ వస్తుంది. ఎత్తాను, అదే మగ గొంతు.

"ఇప్పుడే మాకు ఫోన్ చేశారు. మాట్లాడగలరా?"

"మాట్లాడగలను. పొరపాటున తగిలింది."

"పర్వాలేదు. అయినా కొన్ని ప్రశ్నలు అడగాలి."

"ఊపిరి బాగానే ఆడుతోంది" అన్నాను. "ఒంటికి వెళ్తున్నాను. ఇవాళ గురువారం. పెదాలు నీలంగా లేవు. ఫ్లూ, మూడో రోజు, నూట రెండు."

"నేనింకా అడగలేదు."

"అడగబోతున్నారు కదా."

"వయసు?"

"పదహారు."

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"ఒంటరిగా ఉన్నారా?"

"ఉన్నాను."

"ఎప్పటి నుంచి?"

అతను అడిగింది పొద్దున్నుంచా, నిన్నటి నుంచా అని. అది నాకు తెలుసు. ఏడింటి నుంచి అని చెప్తే సరిపోయేది. నోరు నా మాట వినలేదు.

"రెండేళ్ల నుంచి" అన్నాను.

అవతల టైపు చేస్తున్న చప్పుడు ఆగింది. అప్పుడు 'మీరు' పోయి 'అమ్మా' వచ్చింది. "ఇంట్లో పెద్దవాళ్లు ఎవరుంటారమ్మా?"

"అమ్మ."

"నంబరు చెప్తే మేమే ఆవిడకి ఫోన్ చేస్తాం."

"ఆవిడ ఫోన్ లాకర్లో ఉంటుంది."

"ఎక్కడి లాకర్లో?"

ప్రతి మాటా రికార్డవుతుందని తెలుసు. చెప్పకపోతే వదలడనీ తెలుసు. "మీ సెంటర్లోనే. ఆవిడది మీ పక్క సీటు" అన్నాను.

అతని కుర్చీ కిర్రుమంది, అటు తిరిగినట్టున్నాడు. అప్పుడు అతని మైకులో నుంచి దూరంగా వినపడింది. "భయమేం లేదు. నేను ఇక్కడే ఉన్నాను. మీరు నింపాదిగా చెప్పండి, వింటున్నాను."

ఆ గొంతే. రెండేళ్ల కిందట వంటింట్లో నుంచి వచ్చిన గొంతు, ఒక్క వెంట్రుక తేడా లేకుండా. ఫోన్ని చెవికేసి నొక్కుకున్నాను. సంతోషమేసింది, ఆ వెనకే కడుపు మండింది. అది ఎవరికో చెప్తున్న మాట, నాకు కాదు.

"పిలవమంటావా?" అన్నాడు పన్నెండు, గొంతు తగ్గించి. "కాల్‌లో ఉంది."

"వినపడుతోంది. వద్దు. ఎవరికో ప్రాణం మీదికొచ్చి ఉంటుంది. పెట్టేస్తాను, మీకు లైను కావాలి."

"పెట్టకు. ఇంకా ప్రశ్నలున్నాయి."

"తొమ్మిదే. అయిపోయాయి."

"పెద్ద ఫారం ఇంకోటుంది" అన్నాడు. అలాంటి ఫారం లేదు. ఆ సెంటర్లో ఉన్న ఫారాలన్నీ నాకు నోటికొచ్చు. మైకు పక్కకి జరిపిన గరగర వినపడింది. అతని గొంతు దూరమైంది, అమ్మ గొంతు దగ్గరకొచ్చింది.

"మీ ఇంటికి మెట్లున్నాయా?"

"ఉన్నాయి."

చాలాసేపు ఆగాడు. "ఎన్ని?"

"ఇరవై రెండు."

మళ్లీ ఆగాడు. అతను ఆగినంతసేపూ నేను వింటున్నాను. "అన్నం తిన్నారా? మరి ఎందుకు మానేశారు? అలా అయితే ఎలా చెప్పండి. కాసేపు కిటికీ దగ్గర కూర్చోండి, గాలి తగులుతుంది." నాకు ఆ మాటలు వింతగా అనిపించలేదు. స్పృహ తప్పబోయేవాళ్లని ఏదో ఒకటి మాట్లాడించాలని అమ్మ చెప్పేది. ఎవరో పోతున్నారు, మా అమ్మ పట్టుకుని ఆపుతోంది అనుకున్నాను. నేనేమో మెట్లు లెక్కపెట్టుకుంటూ ఒక సీటుని కాజేశాను. సిగ్గేసింది. అయినా పెట్టలేదు.

తలుపు ఏ రంగు అని అడిగాడు. కిటికీ ఏ వైపుకి తెరుచుకుంటుందన్నాడు. కుక్క ఉందా అన్నాడు. లేదంటే, పోనీ ఎప్పుడైనా ఉండేదా అన్నాడు. చివరికి ఎక్కడో గంట మోగింది.

"లైన్లు నిండిపోయాయమ్మా. పెట్టెయ్యాలి."

"సరే."

"గ్లాసు నీళ్లు తాగి పడుకో" అన్నాడు పాపం.

సాయంత్రం ఏడున్నరకి అమ్మ వచ్చింది. చెప్పులు విప్పకుండానే నా గది గుమ్మంలో నిలబడింది. మాస్కు మీద నుంచి కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"పదకొండు నిమిషాలు" అంది. గొంతు పూర్తిగా పోయింది, గాలే వస్తోంది. "పది దాటితే సూపర్‌వైజర్‌కి వెళ్తుంది. అడ్రస్ చూసి నన్ను పిలిచాడు. కూర్చోబెట్టి వినిపించాడు."

"తప్పైపోయింది."

"పన్నెండుకి చీవాట్లు పడ్డాయి. నాకూ పడ్డాయి."

"ఎవరికైనా లైను దొరక్క..." అని ఆగిపోయాను. మధ్యాహ్నం నుంచి నన్ను తినేస్తున్నది అదే.

"ఏం కాలేదు. కాల్స్ లాగ్ మొత్తం చూశాను. ఎవరికీ ఏం కాలేదు."

అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు. అడక్కుండా ఉండలేకపోయాను. "నీ లైన్లో ఉన్నవాళ్లు బతికారా?"

అమ్మ లోపలికొచ్చి మంచం కాళ్ల వైపు కూర్చుంది. చేతిలో తాళంచెవిని ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"ఆవిడకేం లేదే."

"అంటే?"

"జబ్బేం లేదు. ఎనభై ఏళ్లుంటాయి. ఒక్కతే ఉంటుంది. మొదట్లో గుండె నొప్పి అని చేసేది. బండి పంపిస్తే టీ పెట్టి కూర్చునేదట. మందలించాం. పెట్టేసేవాళ్లం. అయినా చేసేది. ఒకరోజు నాకు పడింది, నేను పెట్టెయ్యలేకపోయాను." దగ్గి, మళ్లీ మొదలుపెట్టింది. "సూపర్‌వైజర్‌ని బతిమాలాను. నా తిండి టైములో, ఖాళీ సీటు ఉంటే, ఆవిడకి నేనే చేసి మాట్లాడతానని. పని టైము కాదు. నా అరగంటలో ఓ ఇరవై నిమిషాలు."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తల అసలే దిమ్ముగా ఉంది. "ఇవాళ అరగంట ఎప్పుడొచ్చింది?"

"రెండున్నరకి. అదీ పావుగంటే ఇచ్చారు."

"నాకు చెయ్యలేదు."

"నీకు చేద్దామనే లేచాను. పొద్దున ఆవిడ రెండుసార్లు చేసిందని చెప్పారు. నీకు పెద్దమ్మ ఉందిలే, కాగితం రాసిచ్చానులే అనుకున్నాను."

రోజూ ఆ అరగంటలో నాకు నాలుగు నిమిషాలు, ఆవిడకి ఇరవై. ఇవాళ నాకు సున్నా. ఎనభై ఏళ్ల ముసలావిడ మీద పదహారేళ్ల పిల్ల కుళ్లుకుంటే బాగుండదని తెలుసు. కుళ్లుకున్నాను. ఒళ్లు మండిపోయింది, జ్వరానికి కాదు.

"నేనూ గుండె నొప్పని చెప్తే ఇరవై ఇస్తావా?" అన్నాను.

అమ్మ తిట్టలేదు. మాస్కు ఇంకాస్త పైకి లాక్కుంది. కళ్లు దాచుకోవడానికి అది చాలలేదు.

"రెండేళ్ల నుంచి అన్నావు" అంది.

"జ్వరంలో ఏదో వాగాను."

"సూపర్‌వైజర్ ఒక్కసారే వినిపించాడు. ఇంకోసారి వినిపించమని నేనే అడిగాను. వాగినట్టు లేదు." నా పాదాల మీద దుప్పటి సరిచేసింది. "చెప్పు. మొదటి రోజు నుంచి చెప్పు. నేను..." అని ఆ గొంతు తెచ్చుకోబోయింది. 'వింటున్నాను' అనబోయిందని పెదాలు చూస్తే తెలిసింది. శబ్దం రాలేదు. గరగరమని ఆగిపోయింది. చూస్తే జాలేసింది.

"నువ్వు మాట్లాడకు" అన్నాను. "ఊ కొట్టు చాలు."

"ఊఁ" అంది.

మొదటి రోజు నుంచే మొదలుపెట్టాను. తాళం తీసుకుని ఇంట్లోకొచ్చి, బ్యాగు కూడా దించకుండా గంటసేపు కుర్చీలో కూర్చోవడం. ఊఁ. మనుషులున్నట్టు ఉంటుందని పక్క గదిలో టీవీ పెట్టి ఈ గదిలో చదువుకోవడం. ఊఁ. స్కూలు నాటకంలో నాది పెద్ద వేషమని ఆవిడకి చెప్పలేదు, చెప్తే రాలేనని చెప్పాల్సివస్తుంది కాబట్టి. దానికి ఊఁ కొంచెం ఆలస్యంగా వచ్చింది. చెప్తున్నకొద్దీ నాకే ఆశ్చర్యమేసింది, ఇన్ని ఎక్కడ దాచుకున్నానా అని. చెమట పట్టింది. కాళ్ల నొప్పి కాస్త తెరిపిచ్చింది.

తర్వాత ఊఁకీ ఊఁకీ ఎడం పెరిగింది. నాన్న కిందటి పుట్టినరోజుకి ఫోన్ చేసినప్పుడు ఏమన్నారో చెప్పబోతున్నాను. అది ఎవరికీ చెప్పలేదు. అసలు అన్నిటికంటే ముందు చెప్పాల్సింది అదే. మొదలుపెట్టి ఆగాను. ఊఁ రాలేదు.

తలెత్తి చూస్తే గోడకి ఆనుకుని నిద్రపోతోంది. చెప్పులు ఇంకా కాళ్లకే ఉన్నాయి. పన్నెండు గంటలు మాట్లాడొచ్చిన మనిషి. పొద్దున ఏడింటికి మళ్లీ డ్యూటీ. లేపాలనిపించింది, చెయ్యి చాపాను కూడా. లేపలేదు. అలాగని ఆపలేకపోయాను. నాన్న అన్న మాట, నేను తిరిగి ఏమన్నానన్నది, ఆ తర్వాతి ఏడాదంతా మెల్లిగా చెప్పుకుంటూ పోయాను. వినకపోతేనేం, ఇంట్లోనే ఉంది.